పెద్దలను చూసుకునే పనిలో నాకు వచ్చిన కుంగుబాటు

మంచాన పడ్డ పెద్దలను వాళ్ల ఇళ్లలోనే ఉండి చూసుకోవడం నా పని. మాది సింగరాయకొండ దగ్గర పల్లె. ఇంటర్ తర్వాత నర్సింగ్ సహాయకురాలిగా శిక్షణ పొంది, నెల్లూరులో ఒక ఏజెన్సీ ద్వారా ఈ పనిలో చేరాను. డాక్టర్లు డిప్రెషన్ అనే జబ్బు నాకు ఎలా వచ్చిందో, ఎలా తగ్గిందో ఈ పనిలో ఉన్న అక్కచెల్లెళ్లకూ, మమ్మల్ని పెట్టుకునే ఇళ్లవాళ్లకూ తెలియాలని రాస్తున్నాను.

పక్షవాతంతో ఒక వైపంతా పడిపోయిన పెద్దామెను దర్గామిట్టలో కొన్నేళ్లు చూసుకున్నాను. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటే ఆ ఇంట్లోనే తిని, ఆమె మంచం పక్కనే చాప వేసుకుని పడుకోవడం. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం నలిగి పుండ్లు పడతాయి కాబట్టి రాత్రిళ్లు కూడా ఫోనులో అలారం పెట్టుకుని లేచేదాన్ని. మోకాలు మడిచి, భుజమూ తుంటీ ఒకేసారి పట్టి నా వైపుకు తిప్పుకుని, వీపుకు దిండు ఆనించి, ఎక్కడైనా ఎర్రబడిందేమోనని టార్చి వేసి చూసేదాన్ని. ఆ అర్ధరాత్రి వేళ, మాట ముద్దగా వస్తున్నా, ఆమె "అన్నం తిన్నావా మే?" అని అడిగేది. ఆమె నా చేతుల్లో ఉన్నన్నాళ్లూ ఒంటి మీద ఒక్క పుండు లేదు. అది నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంది.

ఆమె పోయిన మర్నాడే ఏజెన్సీ వాళ్లు నన్ను ఇంకో ఇంటికి పంపారు. పెద్దకర్మకు వెళ్లడానికి సెలవు దొరకలేదు. ఆమె పిల్లలను పరామర్శించడానికి బంధువులందరూ వచ్చారు, అది న్యాయమే. కానీ రాత్రీ పగలూ ఆమెను కనిపెట్టుకుని ఉన్న మనిషికి కూడా దుఃఖం ఉంటుందని ఎవరికీ తోచలేదు.

కొత్త ఇంట్లో పేషెంటు తెల్లవార్లూ నిద్రపోయే మనిషే అయినా, నాకు మాత్రం అలారం లేకుండానే రెండు గంటలకొకసారి మెలకువ వచ్చేది. కొన్నాళ్లకు ఆ కాస్త నిద్ర కూడా పోయింది. ఆకలి చచ్చింది, ఒళ్లంతా నొప్పులు, తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. నీరసమని ఒక క్లినిక్కులో బలానికి ఇంజెక్షన్లు ఇచ్చారు గానీ గుణం కనిపించలేదు. ఈ ప్రాణం ఉండి ఏం లాభమని రోజూ అనిపించడం మొదలయ్యాక, నాతో పనిచేసే ఒక అక్క పట్టుబట్టి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీకి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ ముందుగా థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించారు, ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా ఇలాంటి నీరసమే వస్తుందట. అవి బాగానే ఉన్నాయని తేలాక డిప్రెషన్‌కు వాడే ఎస్సిటలోప్రామ్ మాత్ర రాశారు. మొదటి రోజుల్లో కడుపులో తిప్పినట్టుంటుందనీ, గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందనీ, నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలనీ, సొంతంగా మానేయకూడదనీ విడమరచి చెప్పారు. కొన్ని నెలలు రాత్రి డ్యూటీ వద్దన్నారు. కౌన్సెలింగులో మొదట అడిగింది ఆ పెద్దామె గురించే. ఆమెకు ఏ కూర ఇష్టమో, ఎలా నవ్వేదో చెబుతూ, ఆమె పోయాక మొదటిసారి నోరారా ఏడ్చాను.

మధ్యలో ఊరికి వెళ్లినప్పుడు ఒక రాత్రి పాత ఆలోచన మళ్లీ గట్టిగా వచ్చింది. 14416కు ఫోన్ చేశాను. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్లకు ఫోనులోనే సాయం చేసేది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. అవతలి ఆమె నేను చెప్పిందంతా విని, మా చెల్లెల్ని లేపి నా పక్కన కూర్చోబెట్టుకునేదాకా ఫోను పెట్టలేదు. ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరి ఫోనులోనూ ఆ నంబరు ఉండాలని నేను అందరికీ చెబుతుంటాను.

మందు వల్ల నాకు గుణం వచ్చిన మాట నిజం. అయితే నిద్ర లేకుండా చేసే డ్యూటీ మారకపోతే ఆ గుణం నిలబడదని కూడా అంతే నమ్మకంగా చెబుతున్నాను. ఇళ్లలో పనిచేసేవారికి వారంలో వరుసగా ఇరవై నాలుగు గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే 189వ ఒప్పందంలో రాసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. చట్టం వచ్చేదాకా ఆగకుండా ఇళ్లవాళ్లు చేయగలిగింది చాలా ఉంది: రాత్రికి ఇంకొకరిని పెట్టవచ్చు, లేదా ఇంట్లోవాళ్లే వంతు వేసుకోవచ్చు, పేషెంటు పోయినప్పుడు మాకు కొన్ని రోజులు ఇవ్వవచ్చు.

మాత్రలు డాక్టరమ్మ చెప్పినట్టే మెల్లగా తగ్గించి మానేశాను. ఇప్పుడు మాగుంట లేఔట్‌లో ఒక రిటైర్డ్ మాస్టారిని పగటిపూట చూసుకుంటున్నాను. చేరేటప్పుడే ఆదివారం సెలవు అడిగాను, వాళ్లు ఒప్పుకున్నారు. భుజమూ తుంటీ ఒకేసారి పట్టి ఎలా తిప్పాలో మాస్టారి అబ్బాయికి నేర్పాను. రాత్రిళ్లూ ఆదివారాలూ ఆ పని ఆయనే చేస్తున్నారు.