చివరి రోజు గడువు అరగంటే: హుస్సేన్‌సాగర్ పడవల పోటీలో నా అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి దేవరకొండలో బస్సు దిగాం. రెండు రోజులు ఆగితే కోపం చల్లారుతుంది, దాంతోపాటు వివరాలూ పోతాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నా. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీ, చివరి రోజు. మా మేనకోడలు ఆప్టిమిస్ట్ అనే పిల్లల పడవ విభాగంలో ఆడింది. నల్లగొండ, మహబూబ్‌నగర్, అచ్చంపేట వైపు నుంచి పిల్లల్ని ఈ ఆటకు పంపాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ప్రతి మెట్టూ రాస్తున్నా. పడవ నడపడం పిల్లలకు వచ్చేస్తుంది. కాగితం నడపడం పెద్దవాళ్లు నేర్చుకోవాలి.

ప్రయాణం సంగతి: తెల్లవారుజామున బస్సు, ఎల్బీ నగర్‌లో దిగి మెట్రోలో ఖైరతాబాద్, అక్కడి నుంచి ఆటో. పాప వారం నుంచి శిబిరంలోనే ఉంది.

పడవ సిద్ధం చేయడం తేలికే, కానీ కొన్ని చోట్ల తప్పు జరుగుతుంది. ఆప్టిమిస్ట్ అంటే ఏడున్నర అడుగుల చిన్న పడవ, ఖాళీ పడవ బరువు 35 కిలోలు, ఒక్కటే తెరచాప, ఒక్కరే నడిపేది, పదిహేనేళ్ల లోపు పిల్లలకు. తెరచాపను మాస్ట్‌కు (నిలువు కర్ర), బూమ్‌కు (అడుగున అడ్డకర్ర) చిన్న చిన్న తాళ్లతో కడతారు. గుడ్డకూ కర్రకూ మధ్య సందు 10 మిల్లీమీటర్లు దాటకూడదు. పొద్దున బిగువుగా కట్టినా ముడి తడిసి సాగుతుంది, మధ్యాహ్నానికి 12 అవుతుంది. కొలిచేవాళ్లు పట్టుకునేది దాన్నే. అందుకే తాళ్లను ముందు తడిపి, ఆ తర్వాత కట్టాలి. మాస్ట్ కింది భాగాన్ని కూడా తాడుతో బిగించాలి, లేకుంటే పడవ బోల్తా పడ్డప్పుడు మాస్ట్ ఊడి వస్తుంది. పడవ మునగకుండా తేల్చే గాలి సంచులు మూడు. వాటిని ఊది పది నిమిషాలు వదిలేసి మళ్లీ నొక్కి చూడండి, మెత్తబడిందంటే చిల్లు ఉన్నట్టే. నీళ్లు తోడే డబ్బాకు తాడు ఉండాలి. పడవ ముందు భాగానికి కట్టే తాడు 5 మిల్లీమీటర్ల మందం, 8 మీటర్ల పొడవుకు తగ్గకూడదు, నీటిపై తేలాలి. లైఫ్ జాకెట్‌కు విజిల్ కట్టి ఉండాలి. ఇవన్నీ పాపే చూసుకుంది, నేను టార్చి పట్టుకున్నా, అంతే.

గాలి లేదు. రేసు నడిపే కమిటీ పడవపై ఎరుపు తెలుపు నిలువు చారల జెండా లేచింది, అంటే వాయిదా. ఆదివారం కావడంతో నెక్లెస్ రోడ్డు పొడవునా రెయిలింగ్‌కు ఆనుకుని జనం. చంటి పిల్లల్ని భుజాలపై ఎక్కించుకున్న వాళ్లు, మొక్కజొన్న పొత్తులు కాల్చే బండ్లు, ఫోన్లు పైకెత్తిన చేతులు. నీటి మధ్యలో బుద్ధుడి విగ్రహం. ఆ రాయి మన రాయగిరిదే, అప్పటి నల్లగొండ జిల్లా. 1990లో తరలించేటప్పుడు బార్జి ఒరిగి ప్రాణాలు పోయాయి, విగ్రహం నీళ్లలో పడింది. 1992లో పైకి తీసి నిలబెట్టారు. దాన్ని చూసిన ప్రతిసారీ నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను.

ఇక్కడ పిల్లలు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ చారల జెండా దించిన నిమిషానికి మొదటి హెచ్చరిక. అప్పటి నుంచి ఐదు నిమిషాలకు స్టార్ట్. నాలుగు నిమిషాలున్నప్పుడు నీలం మీద తెల్ల చదరం ఉన్న పీ జెండా ఎక్కుతుంది, ఒక నిమిషం ఉన్నప్పుడు దిగుతుంది. ఒడ్డున వేలమంది ఈలలు వేస్తుంటే హారన్ వినపడదు. సమయాన్ని జెండాను బట్టే లెక్క పెట్టుకోవాలి, హారన్ మోగకపోయినా ఫిర్యాదు చేయలేరు, నిబంధనలోనే ఉంది. ‘శబ్దం వినలేదు సార్’ అన్న పిల్లలందరూ ఆ రోజు వెనకే మొదలుపెట్టారు. మన పిల్లలకు కళ్లతో లెక్క పెట్టడం నేర్పించండి.

మధ్యాహ్నం పడమటి గాలి వచ్చింది. ఆరో రేస్, అదే ఆఖరిది. మా పాప ఒక క్షణం తొందరపడి స్టార్ట్ గీత దాటింది. వెంటనే తెల్ల జెండా మీద నీలం శిలువ, అంటే ఎక్స్ జెండా, లేచింది. ఎవరో ముందుగా దాటారని అర్థం. అలాంటప్పుడు పడవ ఒళ్లంతా గీతకు వెనక్కి వచ్చి, అడ్డొచ్చిన వాళ్లకు దారి ఇచ్చి, మళ్లీ బయలుదేరాలి. పాప అదే చేసింది. అందరూ ముందుకు పోతుంటే ఒంటరిగా వెనక్కి తిరగడానికి గుండె నిబ్బరం కావాలి. తర్వాత కుడివైపు గట్టు దగ్గరి గాలి పట్టుకుని 38 పడవల్లో తొమ్మిదో స్థానానికి వచ్చింది. అది గొప్పే, గొప్పేనని చెబుతా.

ఒడ్డుకు వచ్చి ఫలితాల బోర్డు చూస్తే ఆమె నంబరు పక్కన ఓసీఎస్. అంటే గీత ముందుగా దాటి వెనక్కి రాలేదని లెక్క. పాయింట్లు పడవల సంఖ్యకు ఒకటి కలిపి 39. తక్కువ పాయింట్లు వచ్చినవాళ్లే ముందుండే ఆట ఇది. ఆరు రేసుల్లో ఒక చెడ్డది తీసేస్తారు. ఆమెకు 24 వచ్చిన రేసు అప్పటికే తీసేసి ఉంది. ఇప్పుడు 39 తీసేస్తే ఆ 24 తిరిగి నెత్తిన పడుతుంది. తొమ్మిదికి బదులు ఇరవై నాలుగు, మొత్తం పదిహేను పాయింట్ల దెబ్బ. పదకొండో స్థానం నుంచి పదహారుకు.

‘మామా, నేను ఎనక్కి వచ్చిన. నేను మళ్ల తిరగంగనే జెండ దించిన్రు, నేను చూసిన’ అంది పాప. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి, గొంతు వణకలేదు.

ఇక అసలు కథ డెస్కు దగ్గర మొదలైంది. అక్కడ కూర్చున్నాయన స్కోరు విచారణ కాగితం ఇచ్చాడు. పడవ నంబరు, రేసు నంబరు, ఏది తప్పనుకుంటున్నారో రాసి ఇచ్చా. ‘గంట తర్వాత రండి’ అన్నాడు. పక్కన ఇంకో జట్టు పెద్దమనిషి నా చొక్కా పట్టి లాగి, ‘అన్నా, ఆ కాగితం గడువును ఆపదు, రీడ్రెస్ అర్జీ వేరే పెట్టాలె, ఇయ్యాల అరగంటే’ అన్నాడు. రీడ్రెస్ అంటే కమిటీ తప్పు వల్ల జరిగిన నష్టాన్ని సరిచేయమని అడగడం. గోడ మీద సెయిలింగ్ సూచనలు, అంటే ఈ పోటీ నిబంధనల కాగితం, చూశా. నిజమే, మామూలు రోజుల్లో గడువు ఎక్కువ, చివరి రోజు ఫలితం అంటించిన 30 నిమిషాల్లోపే. తొమ్మిది నిమిషాలు అప్పటికే అయిపోయాయి. ఆ మనిషికి దండం. డెస్కు మనిషి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ పరుగు ఉండేది కాదు.

అర్జీ తెలుగులో రాసి ఇచ్చా. చూడనైనా చూడకుండా తిప్పి నా ముందుకు తోసి, ‘ఇంగ్లీషులో రాయండి, రాకపోతే వదిలేయండి, పిల్లల పోటీయే కదా’ అన్నాడు. నా వెనక పదిమంది ఉన్నారు. పాప పక్కనే ఉంది. ముప్పై ఏళ్లు పంచాయతీ ఆఫీసులో, తహసీల్ ఆఫీసులో అర్జీలు రాసినవాణ్ని, నా అక్షరాలు చదివి పని జరిగింది తప్ప కాగితం ఎవరూ మొహాన కొట్టలేదు. పల్లె నుంచి వచ్చిన పిల్ల తప్పు చేసే ఉంటుందని ముందే తీర్పు ఇచ్చేశాడు. మధ్యప్రదేశ్ రైతు బిడ్డ నేహా ఠాకూర్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తెరచాప పడవల పోటీలోనే వెండి పతకం తెచ్చింది. పిల్ల ఏ ఊరి నుంచి వచ్చిందో గాలి అడగదు. డెస్కు ఎందుకు అడగాలి?

వాదించే సమయం లేదు. అర్జీకి కావాల్సింది రెండే: రాతపూర్వకంగా ఉండాలి, కారణం ఉండాలి. ముద్రించిన ఫారం లేకపోయినా సరే. పాపే ఇంగ్లీషులో రాసింది, స్కూల్లో నేర్చిందంతా అక్కడ పనికొచ్చింది. తడి చేతి కింద సిరా మసకబారి ‘ఎక్స్’ అన్న మాట నీలం మచ్చైంది, దాన్ని కొట్టేసి పైన మళ్లీ రాసింది. కింద బొమ్మ: గీత, కమిటీ పడవ, గాలి బాణం, తన పడవ మూడు చోట్ల, ఒకటి గీతకు అవతల, ఒకటి పూర్తిగా వెనక, ఒకటి మళ్లీ బయలుదేరేటప్పుడు. ఇరవై ఆరో నిమిషంలో పైన సమయం వేయించుకుని, ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని, అర్జీల డబ్బాలో వేశా. ఫొటో తప్పనిసరి. నేను తీసుకోకపోతే ‘ఆలస్యం’ అనేవాళ్లు.

సాక్ష్యం కోసం గట్టు మీదికి పరిగెత్తా. రెయిలింగ్ పొడవునా ‘ఆఖరి రేసు మొదలైనప్పుడు వీడియో తీసినోళ్లున్నారా’ అని అరుస్తూ పోయా. మూడోసారికి ఒక కాలేజీ పిల్లవాడు చెయ్యెత్తాడు. అతని ఫోన్‌లో మూడు నిమిషాలు ఆపకుండా తీసింది. గట్టు నుంచి తీసిన వీడియోతో పడవ గీత దాటిందా లేదా తేలదు, గీత వెంట కన్నుపెట్టి చూసేది కమిటీ పడవ నుంచే. కానీ మాకు కావాల్సింది గీత కాదు, జెండా. ముందుగా దాటిన పడవలన్నీ వెనక్కి వచ్చేదాకా ఎక్స్ జెండా ఉంటుంది, రాకపోతే నాలుగు నిమిషాల దాకా ఉంటుంది. వీడియోలో అది దాదాపు రెండు నిమిషాలకే దిగింది. నాలుగు నిమిషాలు కాకముందే దిగిందంటే, దాటిన వాళ్లంతా తిరిగి వచ్చారని కమిటీయే చెప్పినట్టు. ఇలాంటి కేసుకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం దొరకదు.

విచారణ గదిలో తీర్పు చెప్పేవాళ్లు ముగ్గురు. నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టి, మాట్లాడకూడదని ముందే చెప్పారు. అదీ సరైనదే, ఆమె పడవకు ఆమే ప్రతినిధి. వాళ్లలో ఒకరు తెలుగువారు, నెమ్మదిగా అడిగారు. ‘జెండా ఎప్పుడు దించిన్రమ్మా?’ ‘సార్, నేను ఎనక్కి పోయి మళ్ల ముందుకు తిరగంగనే.’ వీడియో చూశారు. తర్వాత కమిటీ మనిషి స్టార్ట్ సమయంలో గొంతు రికార్డు చేసే యంత్రం తెచ్చాడు. దానిలోనే ఉంది: పాప నంబరు, ఆ తర్వాత ‘వెనక్కి వచ్చింది, ఎక్స్ దించండి’. రాసుకున్న పట్టీలో నంబరు మాత్రం కొట్టేయలేదు. అంతే.

ఇదంతా ఆ డెస్కు దగ్గర ఐదు నిమిషాల్లో తేలేది. తన సొంత రికార్డును బట్టి స్కోరు తప్పని తేలితే కమిటీ తానే దిద్దాలని నిబంధన ఉంది. నా మొదటి కాగితం అందగానే ఆ యంత్రం వింటే చాలేది. వినకుండా ఒక పిల్లను గంటన్నర తడి బట్టలతో నిలబెట్టారు.

మీ పిల్లల చివరి రోజుకు ఇవి సంచిలో పెట్టుకోండి: రెండు బాల్ పాయింట్ పెన్నులు (జెల్ పెన్ను తడిస్తే పోతుంది), తెల్ల కాగితాలు, సెయిలింగ్ సూచనల ప్రింటు, అందులో గడువు ఉన్న పేరాకు గీత, పొడి తువ్వాలు, ఛార్జింగ్ ఉన్న ఫోన్. రేసు ముగియగానే ఎవరో ఒకరు బోర్డు దగ్గరే నిలబడాలి, ఫలితం అంటించిన సమయం రాసుకోవాలి. పిల్లలు ఒడ్డుకు రాగానే ఏం జరిగిందో వాళ్లతోనే ఒక్క వాక్యం రాయించండి.

సాయంత్రం ఆరున్నరకు సవరించిన పట్టీ అంటించారు: ఆరో రేసులో తొమ్మిది, మొత్తం మీద పదకొండు. బహుమతులు అప్పటికే మొదలయ్యాయి, జనం సగం వెళ్లిపోయారు. పాప పడవను మంచినీళ్లతో కడిగి, తెరచాప ఆరబెట్టి చుట్టి, తాళ్లు విప్పి సంచిలో పెట్టింది. వీడియో ఇచ్చిన పిల్లవాడికి పట్టీ ఫొటో పంపించి బస్సెక్కాం.