ఆరు తరాల వారసత్వం

నిన్న రాత్రి నా బిల్లుల ప్రోగ్రామ్‌లో రాయితీ లెక్క సరిచేద్దామని మూల క్లాసులో, అంటే మిగతా కోడ్ అచ్చులన్నీ పుట్టిన తొలి అచ్చులో, ఒక్క పంక్తి మార్చాను. తెల్లవారేసరికి, రాయితీతో ఏ సంబంధమూ లేని రసీదుల ముద్రణ ఆగిపోయింది. తవ్వితే ఆరు తరాల ఇన్హెరిటెన్స్, అంటే తల్లి క్లాసులో ఉన్నదంతా పిల్ల క్లాసుకు దిగే వారసత్వం, బయటపడింది. ముత్తాత ఆస్తితో పాటు అప్పులూ మునిమనవడికి చేరాయన్నమాట. ఆ వంశవృక్షాన్ని నాటింది మూడేళ్ల క్రితం నేనే, అదీ ఎంతో గర్వంగా! తల్లి క్లాసు ఉండాల్సిన చోట పిల్ల క్లాసును పెట్టినా ప్రోగ్రామ్ తడబడకూడదని కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లోనే చెప్పారు. నా రసీదు క్లాసు తడబడింది.

అలాగని ఆబ్జెక్టులను, అంటే క్లాసు అచ్చులోంచి తయారయ్యే వస్తువులను, తిట్టలేను. డేటాను లోపల దాచుకుని, మెథడ్ల (తనలోనే రాసుకున్న పనుల) ద్వారానే తాకనిచ్చే ఖాతా క్లాసు ఇన్నేళ్లలో ఒక్క రాత్రీ నన్ను నిద్ర లేపలేదు. ఈ రోజు రాయితీని వారసత్వంగా దించకుండా విడి ఆబ్జెక్టుగా చేసి బిల్లు చేతికిచ్చాను. ఫైళ్లు నాలుగు పెరిగాయి. రసీదులు వస్తున్నాయి.