బొటనవేలి కింద చిన్న కదలిక

మా తమ్ముడి కూతురికి రెండున్నరేళ్లు. మొన్న నేను సెలవుకు వచ్చినప్పుడు గుంటూరు బస్టాండులో విజయవాడ బస్సు ఎక్కుతున్నాం. మెట్టు ఎత్తుగా ఉందని మా మరదలు పిల్ల ఎడమ చేయి పట్టుకుని పైకి లాగింది. పిల్ల ఒక్క కేక పెట్టింది. సీట్లో కూర్చున్నాక ఏడుపు ఆగింది కానీ ఆ చేయి కదలడం లేదు. మోచేయి కొద్దిగా వంచి, అరచేయి పొట్ట వైపు తిప్పుకుని, ఒంటికి ఆనించి పెట్టుకుంది. బిస్కెట్ ఇస్తే కుడిచేత్తో అందుకుంది. రెండోది ఎడమ చేతికి ఇవ్వబోతే ముఖం తిప్పుకుంది. వాపు లేదు, కమిలిన మచ్చ లేదు.

ఇంగ్లండులో నేను పనిచేసే అత్యవసర విభాగంలో ఇలాంటి పిల్లల్ని తలుపు దాటి లోపలికి రాకముందే గుర్తుపడతాను. మోచేతి దగ్గర ముంజేతి ఎముక తలను పట్టీలాంటి ఒక స్నాయువు ఉంగరంలా చుట్టి పట్టుకుని ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లల్లో ఆ ఉంగరం ఇంకా వదులుగా ఉంటుంది. చేయి చాచి ఉన్నప్పుడు గట్టిగా లాగితే అది ఎముక తల మీదుగా జారి కీలు మధ్య ఇరుక్కుంటుంది. మోచేయి జారడం అంటే ఇదే. అందుకే ఇది ఎక్కువగా ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో కనిపిస్తుంది. రోడ్డు దాటిస్తూ లాగడం, రెండు చేతులూ పట్టి ఊయల ఊపడం, చొక్కా చేతిలోంచి చేయి లాగడం, ఎక్కువగా ఇవే కారణాలు. ఎముక విరగదు. ఏ తల్లీ దీనికి తనను తాను నిందించుకోవలసిన పని లేదు. ఆ రోజు బస్సు దిగి ఆటో ఎక్కాక మా మరదలికి దారి పొడవునా ఈ మాటే చెబుతూ వచ్చాను. "నేనే విరగ్గొట్టానా వదినా?" అని ఆమె అడుగుతూనే ఉంది. ఈలోగా మా అమ్మ ఫోను చేసి, కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లండి, నూనె రాసి సరిచేస్తాడు అంది. నేను వద్దని, ఆసుపత్రులుండే కొత్తపేట వైపు పోనివ్వమన్నాను.

గుంటూరులో నర్సింగ్ చదివి, ఇక్కడే ఆరేళ్లు పనిచేశాను. ఇలాంటి పిల్లలు అప్పుడూ వచ్చేవారు. చూడగానే తెలిసేది. తెలిసినా పేరు రాసుకుని, కూర్చోబెట్టి, డాక్టరు గారి కోసం ఎదురుచూడటమే మా పని. అది తప్పని అప్పట్లో అనిపించలేదు, ఎందుకంటే మరో పద్ధతి ఉంటుందని తెలియదు.

ఇంగ్లండు వెళ్లాక మొదట వార్డులో, తరువాత చిన్న గాయాలు చూసే నర్సుగా శిక్షణ. అక్కడ ఆ శిక్షణ పొందిన నర్సు పిల్లవాడిని తానే పరీక్షించి, ఎక్స్‌రే కావాలో వద్దో తానే నిర్ణయించి, చికిత్స చేసి ఇంటికి పంపుతుంది. నాకు నేర్పింది యాభై దాటిన ఒక సీనియర్ నర్సు. ఆమెను పేరు పెట్టి పిలవడానికి నాకు మూడు నెలలు పట్టింది. మొదటిసారి ఆమె నా ఎడమ అరచేతిని పాప మోచేతి కింద పెట్టి, నా బొటనవేలిని బయటి వైపు ఎముక తల మీద ఆనించింది. కుడిచేత్తో పాప మణికట్టు పట్టుకోమంది. "ఇప్పుడు అరచేయి పూర్తిగా కిందికి, ఇంకా లోపలికి తిప్పు, ఆగకు." తిప్పాను. బొటనవేలి కింద ఏదో చిన్నగా జారి తన చోటికి వెళ్లింది. నానబెట్టిన బాదం గింజ తొక్కలోంచి జారితే వేళ్లకు తెలిసేంత. పాప గట్టిగా ఏడ్చింది. ఆమె నన్ను పక్కకు తీసుకెళ్లి, సబ్బు బుడగల సీసా తల్లి చేతికిచ్చి, పది నిమిషాలు ఎవరూ ఆ చేయి ముట్టుకోవద్దు అంది. పదో నిమిషం కాకముందే పాప రెండు చేతులూ ఎత్తి బుడగల కోసం ఎగిరింది.

అరచేయి పైకి తిప్పి మోచేయి మడిచే పాత పద్ధతి కూడా ఉంది. రెండింటినీ పోల్చిన పరిశోధనల్లో, కిందికి తిప్పే పద్ధతి మొదటి ప్రయత్నంలోనే ఎక్కువసార్లు ఫలించింది.

అసలు కష్టం తిప్పడంలో లేదు, ఎప్పుడు తిప్పకూడదో తెలియడంలో ఉంది. పిల్ల పడిపోయిందా? మోచేయి వాచిందా? అయితే చేయి వేయకూడదు. మోచేతికి కాస్త పైన ఎముక విరిగి ఉండవచ్చు, తిప్పితే పక్కనున్న నరాలకూ రక్తనాళానికీ ముప్పు. అలాంటప్పుడు నాడి చూస్తాం, కాస్త పెద్ద పిల్లలైతే రాయి, కాగితం, కత్తెర ఆడిస్తాం. పిడికిలి, చాచిన వేళ్లు, విప్పిన రెండు వేళ్లు ఒక్కోటీ ఒక్కో నరం సంగతి చెబుతాయి. ఇంకా నడక రాని పసిబిడ్డ చేతికి దెబ్బ తగిలితే, చెప్పిన కథ దెబ్బకు సరిపోతోందా అని చూడటం కూడా మా బాధ్యతే. ఇది చదివి ఇంట్లో ఎవరూ ప్రయత్నించవద్దని అడుగుతున్నాను.

 

నర్సులు ఇవన్నీ చేయగలరా అని అడిగేవారికి ఒక నిజం చెప్పాలి. కెనడాలోని ఒక పిల్లల ఆసుపత్రిలో, జారిన మోచేతిని నర్సులు సరిచేస్తే ఎలా ఉంటుందో, డాక్టర్లు చేస్తే ఎలా ఉంటుందో పోల్చి 2014లో ప్రచురించారు. నర్సుల చేతిలో నూటికి దాదాపు 85 మందికి, డాక్టర్ల చేతిలో దాదాపు 97 మందికి నయమైంది. ఈ తేడాను దాచి నర్సుల తరఫున వాదించడం నాకు ఇష్టం లేదు. కానీ మిగిలిన ఆ 15 మంది పిల్లలకు డాక్టరు దగ్గరికి వెళ్లే దారి ఎలాగూ ఉంది. 85 మంది మాత్రం ఆ వరుసలో కూర్చోనక్కరలేదు. సాధన పెరిగితే తేడా తగ్గుతుందని నా చేతుల అనుభవం చెబుతోంది.

కొత్తపేటలో మేము వెళ్లిన చోట డాక్టరు గారు ఆపరేషన్‌లో ఉన్నారు. ఇరవై రెండేళ్లు దాటని సిస్టర్ ఒకమ్మాయి పిల్లను చూసి, "చేయి జారినట్టుందండీ, సార్ వచ్చేదాకా కూర్చోండి" అంది. ఆమెకు తెలుసు. గంటన్నర కూర్చున్నాం. పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. "నువ్వే చేయొచ్చు కదా వదినా" అని మరదలు రెండుసార్లు అంది. అక్కడైతే నా వెనుక రాతపూర్వకమైన నియమం ఉంది, పక్క గదిలో డాక్టరు ఉన్నారు. ఇక్కడ నేను పిల్ల మేనత్తను మాత్రమే. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఆ రోజు చాలా బాధగా ఉంది.

డాక్టరు గారు వచ్చి, ఎలా జరిగిందో అడిగి, పడలేదని రూఢి చేసుకుని, అర నిమిషంలో సరిచేశారు. ఎక్స్‌రే కూడా రాయలేదు. కాసేపటికి పిల్ల ఎడమ చేత్తో నా ఫోను లాక్కుంది.

డబ్బు కట్టి బయలుదేరబోతుంటే ఆ సిస్టర్ వెనుకనే వచ్చింది. "మేడమ్, మీరు అక్కడ ఇది మీరే చేస్తారట కదా. సార్ పక్కనున్నప్పుడు నన్ను చేయనిస్తారేమో అడుగుతాను. ఎక్కడ పట్టుకోవాలి?"

నేను బల్ల మీద కూర్చుని చేయి చాచాను. ఆమె బొటనవేలు నా మోచేతి మీద వెతుక్కుంటోంది.

"ఇక్కడేనా మేడమ్?"

"ఇంకొంచెం బయటికమ్మా. నా మణికట్టు తిప్పి చూడు, వేలి కింద ఎముక తిరుగుతుంది."

తిప్పింది. "ఆఁ, దొరికింది" అంది.