బీజింగ్‌లో మన శేషాచలం చెట్టు

బీజింగ్ వెళ్ళినవాళ్ళు ఫర్బిడెన్ సిటీ, గ్రేట్ వాల్ చూసుకుని వచ్చేస్తారు. మన రాయలసీమ వాళ్ళు మాత్రం ఇంకో చోటికి తప్పకుండా వెళ్ళాలని నా కోరిక, సబ్‌వేలో గావ్‌బెయ్‌ద్యెన్ స్టేషన్‌లో దిగితే దగ్గర్లోనే ఉంటుంది, చైనా రెడ్ శాండల్‌వుడ్ మ్యూజియం. 1999లో తెరిచిన ప్రైవేట్ మ్యూజియం ఇది. లోపల మింగ్, చింగ్ రాజవంశాల కాలం నాటి పాత సామాను, వాటి పద్ధతిలోనే ఇప్పటి పనివాళ్ళు చేసినవి కలిపి ఉంటాయి, కుర్చీలు, సింహాసనాలు, తెరలు, మంచాలు, అన్నిట్లో పెద్దపీట ఒక్క చెక్కకే. వాళ్ళు దాన్ని జితాన్ అంటారు, అది మన ఎర్రచందనం.

ఊరికే అభిమానం కొద్దీ అనట్లేదండీ. ఫర్నిచర్ కలప మీద చైనా 2000లో పెట్టుకున్న స్టాండర్డ్‌లో జితాన్ కింద ఉన్నది ఒకే ఒక్క జాతి, ఆ జాతి సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణం చివరన మాత్రమే, శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు అంతే! చింగ్ చక్రవర్తి చియెన్‌లాంగ్‌కి ఈ చెక్కంటే మహా ఇష్టం. చెట్టు లావెక్కడానికి దశాబ్దాలు పడుతుంది, పైగా పది దుంగలు కోస్తే తొమ్మిది లోపల బోలు అని వాళ్ళ వడ్రంగుల్లో సామెత, అంగుళం చెక్క అంగుళం బంగారం అని ఇంకోటి.

మ్యూజియం పెట్టింది చెన్ లిహువా అనే ఆవిడ. ఫర్నిచర్ రిపేర్ పనితో మొదలుపెట్టి, హాంకాంగ్ వెళ్ళి రియల్ ఎస్టేట్‌లో బాగా సంపాదించి, ఆ డబ్బు తెచ్చి దీంట్లో పోశారు. కలప కోసం తనే అడవుల దాకా వెళ్ళారట. సంపాదించిన వాళ్ళు చాలామంది ఉంటారు, ఇంత నెమ్మదిగా సాగే పనికి ఖర్చుపెట్టే వాళ్ళు ఎంతమంది చెప్పండి.

అన్నిట్లోకీ నన్ను కదలనివ్వనిది ఫర్బిడెన్ సిటీ మూల బురుజు నమూనా. మనిషి కన్నా ఎత్తు, మూడు చూరుల కప్పు, ఆ దూలాలూ కిటికీ జాలీలూ అన్నీ చెక్కే, మేకు అనేది లేకుండా ఒకదానికి బెజ్జం తొలిచి ఇంకోదాని నాలుక అందులో దూర్చి బిగించుకుంటూ పోయారు. చెక్క నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు, అంత గట్టిది కాబట్టే వెంట్రుకంత సన్నటి గీత కూడా చెదరకుండా నిలుస్తుంది. కోసినప్పుడు ఎర్రగా ఉండేది ఏళ్ళు గడిచే కొద్దీ నల్లబారి ఊదా రంగు తిరుగుతుంది, ఆ నునుపు చూస్తే రాయా చెక్కా అనిపిస్తుంది.

ఇంకో ముచ్చట. చెన్ గారి భర్త ఛి చోంగ్‌రుయ్ నటుడు, 1986లో వచ్చిన ప్రసిద్ధ టీవీ సీరియల్‌లో భారతదేశానికి వచ్చే బౌద్ధ భిక్షువు వేషం వేసిన వాళ్ళలో ఒకరు. అసలు ఆ భిక్షువు ఎవరనుకున్నారు, మనం స్కూల్లో చదువుకున్న హ్యుయాన్‌త్సాంగ్, 7వ శతాబ్దంలో మన ధాన్యకటకం దాకా వచ్చి చూసి రాసుకున్న మనిషి!

అక్కడ నిలబడి గర్వపడ్డాను, అదే సమయంలో కడుపు మండింది కూడా. ఇక్కడ ఎర్రచందనం అంటే మనకి గుర్తొచ్చేది స్మగ్లింగ్, చెక్‌పోస్టులు, 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో కాల్పుల్లో చనిపోయిన ఆ 20 మంది కూలీలు. పట్టుబడ్డ దుంగలు గోడౌన్లో పడుంటాయి, తర్వాత వేలానికి పోతాయి. అందులో కాస్త పక్కన పెట్టి తిరుపతిలో ఇలాంటి మ్యూజియం ఒకటి ఎందుకు కట్టకూడదు? శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో చెక్కతో దేవుడి విగ్రహాలు చేసే కుటుంబాలు ఉన్నాయి, పని ఇస్తే చేసే చేతులు ఉన్నాయి, కొండకి వచ్చే జనం ఎలాగూ రోజూ వేలల్లో ఉన్నారు. అటవీ శాఖ, టూరిజం వాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒకసారి ఆలోచించండి సార్.