రక్తహీనత మీద థీసిస్: ప్రోటోకాల్ గట్టెక్కిన తీరు

కమ్యూనిటీ మెడిసిన్ పీజీలో నా థీసిస్ 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత మీద. ప్రోటోకాల్ (అధ్యయనం ఎలా చేస్తానో ముందే రాసిచ్చే ప్రణాళిక) మొదటిసారి శీర్షిక దగ్గరే వెనక్కి వచ్చింది. 'రక్తహీనతపై టీ అలవాటు ప్రభావం' అని రాసి, డిజైన్ దగ్గర క్రాస్ సెక్షనల్ (అన్నీ ఒక్కసారే చూసేది) అని పెట్టాను. రెండిటికీ పొసగదు. టీ గురించి అడిగిన రోజే హిమోగ్లోబిన్ కూడా చూస్తే ఏది ముందో ఏది వెనకో తేలదు. నీరసంగా ఉందనే టీ ఎక్కువ తాగుతున్నారేమో! ప్రభావం తేలాలంటే రక్తహీనత లేనివాళ్లను ఎంచుకుని, ఏడాదో రెండేళ్లో వాళ్లను గమనిస్తూ ఉండాలి. అది కోహార్ట్, పీజీకి అంత వ్యవధి ఉండదు. అందుకని డిజైన్ అలాగే ఉంచి ప్రశ్న మార్చాను: ఎంతమందికి ఉంది, ఎవరిలో ఎక్కువ?

శాంపిల్ సైజుకి (ఎంతమందిని చూడాలన్నదానికి) సూత్రం 4పీక్యూ బై డీ స్క్వేర్: పీ అంటే జబ్బు ఉన్నవాళ్ల శాతం, క్యూ అంటే 100లో మిగిలింది, డీ అంటే అంచనాలో ఎంత తేడా ఒప్పుకుంటామన్నది. పీ కింద జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (2019–21) దేశం మొత్తానికి చెప్పిన 57 శాతం తీసుకున్నాను, క్యూ 43. డీ 5 అనుకుంటే 9,804ని 25తో భాగించాలి. 392.16 వస్తుంది, అంటే 393 మంది. చాలామంది తడబడేది ఈ డీ దగ్గరే. అది 5 శాతం పాయింట్లా, పీలో 10 శాతమా అన్నది రాయరు. పీలో 10 శాతమైతే డీ 5.7 అయి శాంపిల్ 302కి దిగుతుంది. పీ 20 ఉన్న జబ్బుకైతే కథ అడ్డం తిరుగుతుంది: మొదటి పద్ధతిలో 256, రెండోదాంట్లో 1,600! ఏది వాడారో, ఎందుకో ఒక్క వాక్యం రాస్తే చాలు. ఇక దొరకనివాళ్ల కోసం 10 శాతం వదులుకోవాలంటే 393కి 39 కలపకూడదు, 0.9తో భాగించాలి. 437.

ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) దగ్గరి జాబితాలో అర్హులు 1,400 మంది. ప్రతి మూడో పేరు తీసుకోవాలి కాబట్టి 1, 2, 3 చీటీలు వేస్తే 2 వచ్చింది. ఇక 2, 5, 8... అలా. అసలు చిక్కు తాళం వేసిన ఇళ్లతో. పక్కింటావిడను రాసుకుంటే పని తొందరగా అయిపోతుంది, కానీ పగలు ఇంట్లో లేనిది కూలికి వెళ్లినవాళ్లే. రక్తం తక్కువగా ఉండే అవకాశం వాళ్లలోనే ఎక్కువ. వాళ్లను వదిలేస్తే వచ్చే శాతం అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, ఎంత పెద్ద శాంపిల్ తీసుకున్నా ఆ లోటు పూడదు. అందుకే సాయంత్రం ఆరు దాటాక, మూడుసార్ల దాకా వెళ్లాలని ప్రోటోకాల్‌లోనే రాసిపెట్టాను. అప్పటికీ దొరకకపోతే 'దొరకలేదు' అని నమోదు, బదులు ఎవరినీ తీసుకోకూడదు.

రక్తహీనత అనడానికి కటాఫ్: డెసీలీటర్ రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువ, గర్భిణులకు 11. వాళ్లను కలుపుతారో లేదో ముందే తేల్చుకోవాలి. 15–17 ఏళ్ల పిల్లలకు తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్ల ఒప్పుకోలు కూడా కావాలి. వేలు గుచ్చాక మొదటి రెండు చుక్కలు తుడిచేసి మూడోది తీసుకోవాలి. రక్తం రావట్లేదని వేలు పిండితే కణజాలంలోని నీరు కలిసి హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. అలాంటప్పుడు ఇంకో వేలు గుచ్చడమే.