రెండు రాకెట్ల మధ్య దారం

వేగంగా పోయే వస్తువు పొడవు తగ్గుతుందని విశిష్ట సాపేక్షతా సిద్ధాంతం చెబుతుంది. ఆ తగ్గడం వస్తువుకే జరుగుతుందా, కొలిచేవారి లెక్కలోనే ఉంటుందా అని అడిగితే భౌతిక శాస్త్రవేత్తలు కూడా తడబడతారని, వారిలో ఒకరైన జాన్ బెల్ 1976లో రాసిన వ్యాసం చదివాక తెలిసింది.

ఆయన చర్చించిన చిక్కు ఇది. ఒకే రకం రాకెట్లు రెండు, ఒకదాని ముందు ఒకటి కదలకుండా ఉన్నాయి. వాటి నడుమ ఒక సన్నని దారం బిగించి కట్టారు. మన గడియారం ప్రకారం రెండూ ఒకే క్షణంలో బయలుదేరి, ఒకే తీరున వేగం పుంజుకుంటాయి. దారం తెగుతుందా? ఎడం మారదు కాబట్టి తెగదనే నేనూ అనుకున్నాను. ఐరోపా కణభౌతిక పరిశోధన కేంద్రమైన సెర్న్‌లో పేరున్న ప్రయోగ శాస్త్రవేత్త ఒకరు అలాగే వాదించారట. అక్కడి సిద్ధాంత విభాగంలో బెల్ వాకబు చేస్తే ఎక్కువమంది ఆ ప్రయోగ శాస్త్రవేత్త వైపే మొగ్గారట. కానీ దారం తెగుతుంది. ఎడం 100 మీటర్లనుకుంటే, వేగం కాంతివేగంలో 60 శాతానికి చేరేసరికి దారం 80 మీటర్లకు కుదించుకోవాలి. కొసలు రెండూ రాకెట్లకు ముడిపడి ఉండటంతో ఆ వీలు లేక తెగిపోతుంది.

1908లో కొలోన్ నగరంలో గణిత శాస్త్రవేత్త మిన్కోవ్‌స్కీ చేసిన ప్రసంగం నుంచి వచ్చిన వివరణ ప్రకారం ఈ పొడవు తగ్గడం స్థలకాలపు (స్థలాన్నీ కాలాన్నీ కలిపి ఒకటిగా చూసినప్పటి) జ్యామితి: దోసకాయను అడ్డంగా కాక ఏటవాలుగా కోస్తే చక్రం పెద్దదైనట్టే, స్థలకాలాన్ని వేరే వాలులో కోస్తే పొడవు మారుతుంది, కాకపోతే ఇక్కడ పెరగడానికి బదులు తగ్గుతుంది. అంతకుముందే భౌతిక శాస్త్రవేత్త లోరెంజ్ మరో దారి పట్టాడు. కదిలే విద్యుదావేశం చుట్టూ ఉండే క్షేత్రం కదలిక దిశలో నొక్కుకుపోతుంది కనుక, అణువులను పట్టి ఉంచే బలాలు మారి వస్తువే కుదించుకుంటుందన్నాడు. కాంతి ప్రయాణానికి ఆధారంగా అంతటా నిండి ఉందని అప్పట్లో అనుకున్న ఈథర్‌ను ఐన్‌స్టీన్ 1905లో అనవసరమని పక్కన పెట్టాక ఆ దారి పాఠ్యపుస్తకాలలో మరుగున పడింది. రెండు దారులలోనూ లెక్కల ఫలితాలు ఒకటే కాబట్టి ఏ ప్రయోగమూ వీటి మధ్య తీర్పు చెప్పదు. బెల్ ఈథర్‌ను తిరిగి తెమ్మనలేదు; విద్యార్థులకు లోరెంజ్ దారి కూడా చూపితే ఇలాంటి తప్పు జవాబులు తగ్గుతాయన్నాడు. ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది, ఎందుకంటే దారం తెగుతుందని జ్యామితి ముందే చెప్పగలదు గానీ, తెంపేది అణువుల మధ్య బలమే.

అయినా లోరెంజ్ చెప్పినదే అసలు కారణమని తేల్చేయడానికి వీలులేదు. మనకు ఏకకాలంలో జరిగినవి రాకెట్‌లోని వారికి ఏకకాలంలో జరగవు. వారి లెక్కలో ముందున్న రాకెట్టే ముందుగా వేగం పెంచుకుంది; చివరికి ఎడం 125 మీటర్లయింది, దారం సాగి తెగింది. కుదించుకోవడమన్న మాటే అందులో రాదు.