పిల్లలు అటు నుంచి, పెద్దవాళ్లు ఇటు నుంచి: థాయ్‌లాండ్‌లో కలుసుకోవాలంటే

ఇండియా వెళ్తే బంధువుల ఇళ్లు తిరగడంతోనే సెలవు అయిపోతుంది. అమ్మమ్మా తాతయ్యలు అమెరికా వస్తే పిల్లలు బడికి, వాళ్లు కిటికీ దగ్గరికి. మూడో దేశంలో కలిస్తే ఇద్దరూ అతిథులే, అక్కడి భాష ఇద్దరికీ రాదు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ సుమారు నాలుగు గంటల ప్రయాణం కాబట్టి పెద్దవాళ్లకు పెద్ద శ్రమ ఉండదు. చిక్కల్లా ఒకే కుటుంబంలో రెండు రకాల పాస్‌పోర్టులు, రెండు గడియారాలు ఉండటంతోనే వస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది నెల, ఊరు కాదు. థాయ్‌లాండ్‌కు రెండు వైపులా సముద్రం ఉంది, రెండింటికీ వానాకాలం ఒకటి కాదు. ఫుకెట్, క్రాబి ఉన్న అండమాన్ సముద్రం వైపు మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి రుతుపవనాలతో అలలు ఎగిసిపడతాయి. కో సముయి దీవి ఉన్న థాయ్‌లాండ్ సింధుశాఖ (గల్ఫ్) వైపు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, నవంబర్‌లో మరీ ఎక్కువ. కాబట్టి వేసవి సెలవులైతే సముయి, క్రిస్మస్ సెలవులైతే ఫుకెట్ లేదా క్రాబి. జూలైలో ఫుకెట్ హోటళ్లు చవగ్గా దొరకడానికి కారణం ఇదే. గది చవకే, కానీ ఒడ్డున ఎర్రజెండా ఎగురుతుంటే పిల్లలు నీళ్లలో కాలు పెట్టకూడదు.

ఈత క్లాసులకు వెళ్లిన పిల్లల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. వాళ్లకు తెలిసింది కదలని నీళ్లు. అలల మధ్య ఒకచోట నురగ లేకుండా, నున్నగా, ప్రశాంతంగా కనిపించే పాయ ఉంటుంది. చూడగానే ఈతకు అదే అనువైన చోటనిపిస్తుంది, నిజానికి నీరు లోపలికి లాక్కుపోయేది అక్కడే. అందులో పడితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డువైపు తిరగాలి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యి ఊపాలి. ఇది హోటల్ గదిలోనే కాగితం మీద బొమ్మ గీసి చెప్పాలి, నీళ్లలోకి దిగాక ఎవరూ వినరు. గల్ఫ్ వైపు కొన్ని బీచ్‌ల్లో స్తంభానికి వెనిగర్ సీసాలు కట్టి ఉంటాయి, బాక్స్ జెల్లీఫిష్ కుడితే పోయడానికి. కనీసం అర నిమిషం పాటు వెనిగర్ పోయాలి. రుద్దకూడదు, మంచినీళ్లతో కడగకూడదు. ఒంటినిండా కప్పే ఈత బట్టలు ఎండకూ దీనికీ రెండింటికీ పనికొస్తాయి. మెరైన్ నేషనల్ పార్కుల్లో ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల మీద 2021 నుంచి నిషేధం ఉంది, జరిమానా లక్ష బాత్‌ల (థాయ్ కరెన్సీ) దాకా ఉండొచ్చు. ఇంటి నుంచి తెచ్చే సీసా వెనక ఏం రాసుందో చదవండి.

ఇక కాగితాలు. పిల్లల అమెరికన్ పాస్‌పోర్టు చెల్లేది ఐదేళ్లే కాబట్టి తల్లిదండ్రులది బాగున్నా వాళ్లది ముందే అయిపోతుంది. చేరేనాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండేలా చూసుకోండి. వీసా నియమాలు ఈ మధ్య ఏళ్లలో పలుమార్లు మారాయి. అందుకే అమెరికన్ పాస్‌పోర్టుకూ ఇండియన్ పాస్‌పోర్టుకూ విడివిడిగా, టికెట్లు కొనే రోజే థాయ్ రాయబార కార్యాలయం పేజీలో చూడాలి. 2025 మే 1 నుంచి విదేశీయులందరూ చేరడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, చంటిపిల్లలకు కూడా. ఇది ఉచితం. డబ్బు అడిగిందంటే అది సర్కారు సైటు కాదు. తాతయ్య చేత ఫోన్లో నింపించడం కన్నా ఆయన పాస్‌పోర్టు ఫొటో తెప్పించుకుని మీరే నింపి పంపడం సుఖం. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాత పాస్‌పోర్టులైతే టికెట్ మీద పేరు ఎలా వెయ్యాలో ఎయిర్‌లైన్‌ను ముందే అడగండి. ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. అక్కణ్నుంచి ఇండియా కూడా వెళ్తుంటే పిల్లల ఓసీఐ కార్డులు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చేవి) చేతి సంచిలో ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు మారినప్పుడల్లా ఓసీఐ సైట్లో కొత్త పాస్‌పోర్టు, ఫొటో ఎక్కించాలన్నది చాలామంది మర్చిపోయే పని.

బ్యాంకాక్ టైము హైదరాబాద్ కన్నా గంటన్నర ముందు, న్యూయార్క్ కన్నా పదకొండు పన్నెండు గంటలు ముందు. అంటే పెద్దవాళ్లకు జెట్‌లాగ్ లేదు, పిల్లలు మాత్రం తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటారు. మొదటి మూడు రాత్రులు బ్యాంకాక్‌లో ఉండి పనులన్నీ పొద్దుటిపూటకే పెట్టుకోండి, మధ్యాహ్నం అందరికీ నిద్రే. గ్రాండ్ ప్యాలెస్ ఎనిమిదిన్నరకు తెరుస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. గేటు బయట "ఇవాళ మూసేశారు" అని ఎవరైనా దారి మళ్లించబోతే వినొద్దు.

లోపల వాట్ ఫ్రా కెయో అనే బౌద్ధాలయం ప్రాకారం గోడల మీద 178 చిత్రాల్లో థాయ్ రామాయణం, రామకియెన్, ఉంది. ఇక్కడ పిల్లల్ని అమ్మమ్మకు అప్పగించి మీరు వెనక నడవండి. పచ్చటి ముఖంతో పది తలల తోత్సకన్ ఎవరో ఆవిడ ఇట్టే పట్టేస్తుంది: దశకంఠుడు. అసలు పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. ఈ కథలో సీత రావణుడి కూతురు. మన ఆజన్మ బ్రహ్మచారి హనుమంతుడు వారధి రాళ్లు ఎత్తుకుపోతున్న మత్స్యకన్యతో ప్రేమలో పడతాడు, ఒక కొడుకు కూడా! "ఏది కరెక్టు?" అని పిల్లలు అడుగుతారు. తేల్చేయకండి, అమ్మమ్మనే చెప్పనివ్వండి. మాటల ఆట కూడా ఇలాంటిదే. థాయ్‌లో ఆహాన్ అంటే ఆహారం, వేలా వేళ, ఫాసా భాష, ఖ్రూ గురువు. తెలుగు నేర్చుకోమంటే మొహం తిప్పుకునే పిల్లలు కూడా బోర్డుల మీద ఇలాంటి మాటలు వెతుకుతారు.

తిండి దగ్గర ఒక్క తేడా గుర్తుంచుకోండి. "మంగ్‌సవిరాట్" అంటే శాకాహారమే గానీ గుడ్డు ఉండొచ్చు. "జే" అంటే గుడ్డు, పాలు, వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు. పసుపు మీద ఎర్ర అక్షరం ఉన్న గుర్తు చూసుకోవాలి. కూరగాయల వంట అన్నా చేపల సాస్ (నామ్ ప్లా) పడే అవకాశం ఉంది, కాబట్టి "నామ్ ప్లా వద్దు" అని థాయ్‌లో ఫోన్లో రాయించి పెట్టుకోండి.

మందుల సంచి ఒక్కటే ఉండాలి, దాని పెత్తనం ఒక్కరిదే. అమ్మమ్మ ఇచ్చే డోలో, మీరిచ్చే టైలినాల్ రెండూ పారాసెటమాలే. ఒకరికి తెలియకుండా ఒకరు ఇస్తే డోసు రెట్టింపవుతుంది. జ్వరం వస్తే డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రోఫెన్ ఇవ్వకండి, రక్తస్రావం ముప్పు. కోతి కరిచినా గీరినా సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, వెంటనే రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి. "మేం ఇలాంటి చోటే పెరిగాం" అన్న ధీమా అమెరికాలో పుట్టిన పిల్లలకు వర్తించదు. టైఫాయిడ్ టీకా బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందే పడాలి.

దీవి నుంచి నేరుగా అంతర్జాతీయ విమానానికి పరుగెత్తకండి. గాలివానకు ఫెర్రీ ఆగితే విమానం పోతుంది. ఆఖరి రాత్రి బ్యాంకాక్‌లో ఉండాలి. ఇక్కడ ఎయిర్‌పోర్టులు రెండు, సువర్ణభూమి, డాన్ ముయాంగ్, నగరానికి చెరో పక్క. వీలైతే రెండు జట్ల తిరుగు విమానాలూ సువర్ణభూమి నుంచే, కొద్ది గంటల తేడాతో ఉండేలా కొనండి. ఇమ్మిగ్రేషన్ దాటాక వాసుకిని చెరోవైపు లాగుతున్న దేవదానవుల పెద్ద క్షీరసాగర మథన శిల్పం ఉంది. వీడ్కోళ్లు అక్కడ చెప్పుకోవచ్చు.